ఎందుకు ఎక్కనన్నాడో

హిద్ క్యాంపు,
శుక్రవారం

ప్రియమైన సరితకు,

నువ్వు, పాప, మా నాయిన ఎలా ఉన్నారని రోజూ ఫోన్లో అడుగుతూనే ఉన్నా, మళ్ళీ కాగితం మీద అడగాలంటే నాకే నవ్వొస్తోంది. ఇక్కడ ఫోన్ చేస్తే రూంలో అందరి చెవులూ నా వైపే ఉంటాయి. అక్కడేమో మా నాయిన స్పీకర్ పెట్టమంటాడు. అందుకే ఇది రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు.

ఒక పని పడింది. అమ్వాజ్‌లో మేము అద్దాలు తుడిచే టవర్ దగ్గర మొన్న ఒక మనిషి క్రేడిల్ ఎక్కనన్నాడు. నీకు వీడియోలో చూపించాను కదా, పైనుంచి ఇనుప తాళ్ళకు వేలాడే తొట్టె, అదే. ఆ పూట పని ఆగిపోయింది. ఫోర్‌మన్ నేనే కాబట్టి ఏం జరిగిందో ఇంగ్లిష్‌లో రిపోర్టు రాసివ్వమని మేనేజర్ అడిగాడు. "ఇన్‌సబార్డినేషన్ అని రాయి, ఖలాస్" అన్నాడు. ఆఫీసులో మలయాళీ క్లర్కు మాత్రం రెఫ్యూజ్ అని రాస్తే చాలంటున్నాడు. ఫోన్లో వెతికితే డిసొబే, డిఫై, రెసిస్ట్ అని ఇంకా వచ్చాయి. తెలుగులో ఏమిటని చూస్తే అన్నిటికీ ఎదురు తిరగడం అనే చూపిస్తోంది.

వీటికి తేడా ఏమిటో స్కూల్లో నీ పిల్లలకు చెప్పినట్టు చెప్పు. ఆ మనిషికి దెబ్బ తగలకుండా, నాకూ మాట రాకుండా ఉండే మాట ఏదైనా ఉంటే అది చెప్పు. ఆదివారం రిపోర్టు ఇవ్వాలి.

పాప లక్ష్మిప్రసన్నకు నా ముద్దులు.

నీ
పరశురాం


మెట్‌పల్లి,
శనివారం

ప్రియమైన లక్ష్మిప్రసన్న నాయినకు,

ఇంత పెద్ద ఉత్తరం చూసి ఏం కష్టమొచ్చిందో అనుకున్నాను. తీరా చూస్తే నీకు ట్యూషన్ కావాలి. ఫీజు సంగతి వచ్చాక మాట్లాడుకుందాం.

మొన్న మా స్కూలు కరస్పాండెంటు ఆదివారాలు కూడా హాస్టల్ చూసుకోమన్నాడు. కుదరదన్నాను. అది రెఫ్యూజ్. ఆయన అడిగాడు, నేను కాదన్నాను, అందులో ఎవరూ తక్కువ కాదు. ఎందుకు కాదన్నానో చెప్పుకోవడానికి పక్కన చోటు కూడా ఉంటుంది. నీళ్ళలో ఆడొద్దంటే నీ బిడ్డ బుద్ధిగా తల ఊపి, వెనక నల్లా దగ్గరికి పోయి తడిసి వస్తుంది. అది డిసొబే. అక్కడ చెప్పినవాళ్ళే పెద్ద, తప్పు చేసింది పిల్లే. సూది వేయించడానికి తీసుకుపోతే ఒక్క మాట మాట్లాడకుండా ఆసుపత్రి తలుపు పట్టుకుని వేలాడింది, అది రెసిస్ట్. ఇక చిన్నత్తమ్మ ఇంట్లో చుట్టాలందరి ముందర నా కళ్ళలోకి చూస్తూ పాల గ్లాసు కింద పడేసింది చూడు, దాన్ని డిఫై అంటారు. పాలు విరిగాయని ఆ తర్వాత తెలిసింది. కాని అప్పటికే అందరికీ దాని పొగరు కనిపించింది తప్ప, పాల సంగతి ఎవరికీ పట్టలేదు.

మీ మేనేజర్ చెప్పిన మాట ఇంట్లో వాడేది కాదు. వీడు కిందివాడు అనేది ఆ మాటలోనే ఉంది. అది ఒకసారి మనిషి మీద పడితే ఎందుకు చేశావని ఎవరూ అడగరు.

నువ్వు అడిగిన మధ్యస్థమైన మాట నాకు తెలిసి ఇంగ్లిష్‌లో లేదు, తెలుగులోనూ లేదు. అసలు ఆయన ఎందుకు ఎక్కనన్నాడో నువ్వు రాయనే లేదు. అది రాస్తే చాలు, ఏ మాట వాడాలో దానంతట అదే తెలుస్తుంది.

వేళకు తిను. పైకి నువ్వు ఎక్కడం లేదు కదా?

నీ
సరిత


హిద్ క్యాంపు,
గురువారం

ప్రియమైన సరితకు,

నీ ఉత్తరం బాగా పనికొచ్చింది. రిపోర్టు ఇచ్చేశాను. ఇంగ్లిష్ ఎక్కడ నేర్చుకున్నావని మేనేజర్ అడిగాడు. మా ఇంట్లోనే అన్నాను.

ఇంకో సంగతి. మన భూమేష్ వచ్చే వారం ఇంటికి వస్తున్నాడు. వాడికి ఇక్కడి గాలి పడలేదు. కొడుకు గురించి చిన్నమ్మ కంగారు పడుతుంది, కాబట్టి వాడే రావాలనుకుని వచ్చాడని నువ్వే వెళ్ళి చెప్పు. ఇంట్లో టీచరువు నువ్వు, నీ మాటైతే నమ్ముతుంది. వాడిని మాత్రం గుచ్చి గుచ్చి అడగొద్దు, అలసిపోయి ఉంటాడు. పాపకు బొమ్మ, నీకు సబ్బులు వాడి సంచిలో పెట్టాను.

ఈ మధ్య నిద్ర సరిగా పట్టడం లేదు. వేడికి అనుకుంటా.

నీ
పరశురాం


మెట్‌పల్లి,
బుధవారం

లక్ష్మిప్రసన్న నాయినకు,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు.

నిన్న సాయంత్రం భూమేష్ వచ్చాడు. నువ్వు పంపినవి ఇచ్చి, చాయ్ తాగి, జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఆఫీసోళ్ళు ఇచ్చిన్రు వదినె. అంత ఇంగ్లిషుల ఉన్నది. ఏమున్నదో జెర చదివి చెప్పు" అన్నాడు.

నువ్వు నాకు రాసిన ఆ మనిషి భూమేషేనని అప్పుడు తెలిసింది. నువ్వు వీసా తీసి పిలిపించుకున్న నీ సొంత చిన్నమ్మ కొడుకు. వాడు ఫోర్‌మన్‌ను అందరి ముందర డిఫై చేశాడని, ఇది ఇన్‌సబార్డినేషనని, కింద నీ సంతకం. రెండు మాటలూ నేను నీకు విడమరిచి చెప్పినవే.

"ఏమున్నది వదినె?"

"నువ్వు ఎక్కనన్నవని ఉంది."

"గది నిజమే" అని తల ఊపాడు. కాగితం వైపు చూపి, "బ్రేకు జారుతున్నదని అన్నకు చెప్పిన. గది గూడ రాసిండా?" అన్నాడు.

నేను కాగితం మడతపెట్టాను. వాడికి అర్థమైపోయింది. "బ్రేకు సంగతి నేను అందరి ముందర అనలే వదినె. పొద్దుగాల అన్న చూడకుండనే క్రేడిల్ మంచిగున్నదని సంతకం పెట్టిండు. అన్న పేరు ఖరాబైతదని చెవుల మెల్లగ చెప్పిన." నిన్ను ఒక్క మాట అనలేదు. అన్నకు కూడా ఏదో ఒకటి రాయక తప్పదు కదా అని నాకే సర్దిచెప్పాడు. ఈ కాగితం ఉంటే ఇంకో కంపెనీ తీసుకోదని ఏజెంటు చెప్పాడట.

నాకు నీ మీద కోపం కన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది. వాడు చెవిలో చెప్పిన మాటను నువ్వు అందరి ముందర చేసిన పొగరుగా మార్చావు. అలా మార్చడానికి కావలసిన ఇంగ్లిష్ నా దగ్గర తీసుకున్నావు.

చిన్నత్తమ్మకు చెప్పమన్నది నేను చెప్పను. దీన్ని ఏమంటారో నీకు తెలుసు. అది అబద్ధం కాబట్టి చెప్పను.

ఒక్కటి అడుగుతాను. ఇప్పుడు ఆ తొట్టెలోకి ఎవరు ఎక్కుతున్నారు?

సరిత


హిద్ క్యాంపు,
ఆదివారం

ప్రియమైన సరితకు,

నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

గాలుల వల్ల పని ఆపారు, కాబట్టి మొన్నటిదాకా ఎవరూ ఎక్కలేదు. నిన్న మళ్ళీ మొదలుపెట్టమన్నారు. భూమేష్ చోట బాబు అని శ్రీకాకుళం వైపు మనిషి వచ్చాడు. బెల్టు బిగించుకుంటూ, "మీరు చూసీసేరు కదండీ, ఇంక నాకు భయమేటి" అన్నాడు. వాడిని ఆగమని, తొట్టెలో నీళ్ళ డ్రమ్ములు పెట్టి కొంచెం దించి చూశాను. ఆపితే ఆగలేదు. జారి జారి ఆగింది. భూమేష్ చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు కూడా నాకు తెలుసు సరితా. నా సంతకం బయటపడుతుందని భయపడ్డాను.

మేనేజర్‌కు చెబితే "బ్రేకు సామాన్ వస్తోంది, అప్పటిదాకా నడిపించు, యల్లా, కానివ్వు" అన్నాడు. ఎక్కించనన్నాను. మధ్యాహ్నానికల్లా నా పేరు మీద కాగితం తయారైంది. నన్ను సంతకం పెట్టమన్నారు. అందులో ఉన్న ప్రతి మాటా నాకు తెలిసినదే. నువ్వు చెప్పింది నిజమే, ఎందుకని ఒక్కరూ అడగలేదు.

దాని మీద సంతకం పెట్టలేదు. వేరే కాగితం తీసుకుని నేనే ఇంగ్లిష్‌లో రాసి ఆఫీసులో ఇచ్చాను. బ్రేకు జారుతోంది కాబట్టి మనిషిని ఎక్కించడానికి నేను రెఫ్యూజ్ చేశానని, ఈ మాట ముందు భూమేష్ నా చెవిలో చెప్పాడని, నేను చూడకుండా సంతకం పెట్టానని, వాడి మీద రాసినది అబద్ధమని. నిన్ను అడగలేదు కాబట్టి స్పెల్లింగు తప్పులుండొచ్చు. డ్యూటీకి రావద్దు, క్యాంపులోనే ఉండమన్నారు. ఇంటికి పంపుతారో ఏం చేస్తారో తెలియదు. భయంగానే ఉంది.

చిన్నమ్మకు నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. మొత్తం విని ఫోన్ పెట్టేసింది.

నేను రాసిన కాగితం ఫోటో కూడా పంపుతున్నాను. భూమేష్‌ను ఇంటికి పిలిచి చదివి వినిపించు. ఈసారి వాడు "గది గూడ రాసిండా" అని అడిగితే, రాసిండని చెప్పు.

పరశురాం