మూసిన గదిలో పిలుపు

బొంబాయి,
ఆదివారం

ప్రియమైన అక్కకు,

చెల్లె కరుణ ప్రేమతో వందనాలు. నువ్వు, బావ, పిల్లలు క్షేమమని నమ్ముతున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? బోధన్‌లో చెరుకు బాగా పెరిగిందా? ఇక్కడ వాన ఆగడం లేదు, బట్టలు ఆరడం లేదు. పొద్దున వడాపావ్, రాత్రి అన్నం. నేను బాగున్నాను. చదివి భయపడకు.

నా పనేమిటని అడిగావు కదా. ఒక గొట్టం మధ్యలో సన్నటి ప్లాటినం తీగ ఉంటుంది. గొట్టంలో ఏదో ఒక వాయువు నింపి కొలిమిలో కాలుస్తాం. తీగకు కరెంటు ఇచ్చి, దాని వేడిని ఆ వాయువు ఎంత తొందరగా లాక్కుపోతుందో కొలుస్తాం. ఆర్గాన్ నెమ్మది, అందులో తీగ ధగధగలాడుతుంది. హీలియంలో మసకబారుతుంది. గాలి ఆడకుండా గది తలుపులు, కిటికీలు మూసేస్తాం.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఆర్గాన్ నింపాం. నాకు ఈ ఉద్యోగం ఇప్పించిన నవీపేట్ రాజన్న ఎత్తు బల్ల ఎక్కి, గొట్టం మీది గాజులోంచి తీగను చూస్తున్నాడు.

"కరుణా, తీగ సల్లవడ్తున్నది. కరెంటు తగ్గించినవా?"

"లేదన్నా." మీటరు ముల్లు కదలలేదు.

"ఎవలో దీని వేడి తాగుతున్నట్టే ఉన్నది."

మాట అతనిదే, గొంతు మాత్రం పసిపిల్లది. అతను నవ్వుతూ గోడకు ఒరిగిపోతుంటే గబగబా బల్లెక్కి "అన్నా!" అని అరిచాను. నా గొంతు కూడా నాది కాదు.

వాసన లేదు, పొగ లేదు. అప్పుడు తట్టింది. పక్క సిలిండర్ వాల్వు కారి, హీలియం గొట్టంలోకీ గదిలోకీ నిండుతోంది. అది తేలిక, పైకప్పు నుంచి కిందికి నిండుతుంది, బల్ల మీద పీల్చడానికి గాలి ఉండదు. అతన్ని చంకల కింద పట్టి వరండాలోకి ఈడ్చుకొచ్చాను.

వానజల్లు మొహాన పడి కళ్లు తెరిచాడు. "లోపల పిల్ల ఉన్నది. అన్నా అని పిల్సింది. దాన్ని తెచ్చినవా?"

"నేనే పిలిచిన అన్నా. గ్యాస్‌కు గొంతు మారింది."

"నాకు తెల్వదా? గోదారి గంగల కొట్టుకపోయిన మా చెల్లె గట్లనే పిలిసేది."

డాక్టరు ఏమీ కాలేదన్నాడు. వాల్వు మార్చారు. రాజన్న మళ్లీ పనికి వస్తున్నాడు. కానీ నిన్న నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి తలుపు దగ్గరికేశాడు.

"కొంచెమే గ్యాస్ ఇడుస్త. ఇంకొక్కసారి పిలువు చెల్లే."

అక్కా, అతని కళ్లలో కోపం లేదు, పిచ్చి లేదు. బతిమాలుతున్నాడు. నేను తలుపు తెరుచుకుని బయటికొచ్చేశాను. పెద్దసారుకు చెబితే అతని ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ప్రాణమే పోవచ్చు. రేపు చెప్పేస్తాను.

నువ్వు నవీపేట్ వెళ్లి రాజన్న భార్యను, వదినను కలువు. ఏదో ఒక సాకుతో అతన్ని ఇంటికి పిలిపించమను. ఆలస్యం చేయకు.

వీలైతే కాస్త నందిపేట్ పసుపు పంపించు. అవ్వకు నా వందనాలు, పిల్లలకు ముద్దులు. చర్చిలో నాకోసం, రాజన్న కోసం ప్రార్థన చేయించండి. నేను బాగున్నాను, నిజంగానే.

మీ దీవెనలు కోరే
కరుణ