పడవలోంచి దింపిన సంగతి

నీకు,

నీ ఓడ రేవు చేరేసరికి ఈ ఉత్తరం అక్కడికి వచ్చి ఉంటుందని ఆశ. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. మన అమ్మాయి కూడా క్షేమమే, కాకపోతే దాని నడుము గురించి కాస్త వివరంగా రాయాలి. ఇంజను గది మోతకి నీ చెవులు ఎలా ఉన్నాయో ఈసారైనా రాయి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం మానేసి ఈల వేయడం మొదలుపెట్టింది. మీ అమ్మకి కొత్త కళ్ళజోడు వచ్చింది. ఇంట్లో దుమ్ము ఆవిడకి స్పష్టంగా కనబడుతోంది, నాకు రోజూ వినబడుతోంది. అమ్మాయి ఉత్తరాన్ని రెండు ముక్కల్లో ఎందుకు ముగించిందని అడిగావు. అది మొన్నటిదాకా నాతో ఆ రెండు ముక్కలు కూడా మాట్లాడలేదు.

పడవ పందెం దగ్గర పడుతుండగా ఒక ఉదయం మా క్లబ్బు పడవల షెడ్డుకి బయలుదేరుతూ, గుమ్మంలో నిలబడి, "నాన్నా, కాస్త సాక్సులు తొడుగుతావా?" అంది. పదహారేళ్ళ పిల్ల. నవ్వబోయి, దాని మొహం చూసి ఆగిపోయాను. వంగలేకపోతోంది. ఎప్పట్నించి అంటే నేల చూసింది.

ఆసుపత్రిలో నడుముకి స్కాన్ తీశారు. ఎముకకి దెబ్బ లేదు, డిస్కు జారలేదు. అక్కడి ఫిజియో దాన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుము పైభాగమంతా బల్ల అంచు దాటించి గాల్లో నిలపమంది. నేను కోచ్‌గా ఉన్న క్లబ్బులో అందరికంటే గట్టిగా తెడ్డు లాగే పిల్ల, కాసేపటికే వణికిపోయి కిందికి వాలిపోయింది.

"కాళ్ళు తోస్తాయి, చేతులు లాగుతాయి. ఆ బలమంతా పొట్ట, వెన్ను, పక్కల కండరాల మీదుగానే వెళ్ళాలి. ఇవి తొందరగా అలిసిపోతున్నాయి," అంది ఫిజియో.

"అందుకేనా నొప్పి?"

"ఇవి అలిసిపోయి నొప్పి వచ్చిందో, నొప్పి వల్ల ఇవి బలహీనపడ్డాయో ఖాయంగా చెప్పలేనండీ. కొన్ని నెలలు ఓపిగ్గా వ్యాయామం చేయాలి."

"మరి పందెం?"

"ఈ ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. కావచ్చు కూడా. ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి."

ఇద్దరం మాట్లాడుకోలేదు. మర్నాడు రేవు మెట్ల మీద పిల్లలందరి ముందూ పందెంలో దిగేవాళ్ళ పేర్లు చదివాను. దాని పేరు లేదు.

అందరూ వెళ్ళేదాకా ఉండి అడిగింది. "కోచ్‌గా తీసేశావా, నాన్నగా తీసేశావా?"

"కోచ్‌గానే."

"అబద్ధం," అని వెళ్ళిపోయింది.

ఇంట్లో మీ అమ్మ కూడా దాని పక్షమే. "నడుము దానిది కదా బాబూ, ఒక్క మాట దాన్ని అడిగితే మీ సొమ్మేం పోయింది?" అంది.

పందెంలో మన పడవ నాలుగో స్థానంలో వచ్చింది. అమ్మాయి గట్టు మీద పరిగెడుతూ గొంతు పోయేదాకా అరిచింది, వాళ్ళ కోసం.

ఇక రాయకుండా దాటేద్దామనుకున్న సంగతి. అమ్మాయి 'అబద్ధం' అన్న మాట నిజమే. నాలోని కోచ్ సంగతి నాకు తెలుసు. వాడైతే నడుముకి బెల్టు కట్టించి పడవ ఎక్కించేవాడు. వేరేవాళ్ళ పిల్లనైతే ఎక్కించేవాడినేనని అర్థమయ్యాక, ఆ పడవకి కోచ్‌గా ఉండే అర్హత నాకు లేదనిపించింది. ఆ జట్టుని మా అసిస్టెంటుకి అప్పగించాను. ఇకనుంచి కొత్తగా చేరే పిల్లలకి తెడ్డు పట్టడం నేర్పుతాను. నీతో చెప్పకుండా చేసినందుకు నువ్వు తిట్టినా పడతాను.

అమ్మాయికీ ఇదంతా చెప్పాను. చాలాసేపు విని, "ఆ మాట ఆ రోజే చెప్పొచ్చుగా," అంది, అంతే.

అయితే నిన్న సాయంత్రం హాల్లో చాప పరిచి వ్యాయామానికి బోర్లా పడుకుని నన్ను పిలిచింది. "నాన్నా, కాళ్ళు పట్టుకో. మధ్యలో ఏమీ చెప్పకూడదు."

పట్టుకున్నాను. భుజాలు తప్పుగా పెట్టింది. ఏమీ చెప్పలేదు.

వంటింట్లోంచి మీ అమ్మ తొంగిచూసి, "మొత్తానికి దాని కాళ్ళు పట్టుకున్నారన్నమాట," అంది.

అమ్మాయి నవ్వు ఆపుకోలేక చాప మీదికి వాలిపోయింది.

ఇట్లు,
రేవులో ఇక దాని కోచ్ కాని, ఇంట్లో దాని తండ్రి,
నీ భర్త.