ఆఖరి స్థానంలో మిల్లు జట్టు

చిట్టి వాళ్ళమ్మకి,

రాయాల్సింది ఏమిటంటే అని మొదలుపెడితే అక్కడే ఆగిపోయేలా ఉన్నాను, అందుకని ముందు క్షేమసమాచారాలు చెప్పేస్తాను. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. చిట్టికి దగ్గు తగ్గింది. అత్తయ్యకి, అదే మీ అమ్మగారికి, నా మీద కోపం తగ్గలేదు. నీ భుజం నొప్పి ఎలా ఉంది? జట్టులో అందరి కండరాలూ పట్టేది నువ్వు, నీ భుజం పట్టేస్తే చూసే దిక్కెవరో నాకు తెలియడం లేదు.

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. 'ఫోన్లో అడిగితే తమరు మాట దాటేస్తారు, కాగితం మీద రాయండి' అన్నావు. నిజమే, ఫోన్లో మనం మాట్లాడుకునేది కూరగాయల గురించీ, చిట్టి హోంవర్కు గురించీ. కానీ ఉత్తరం మొత్తం వెతికినా ఒక్క 'మీరు' కనపడలేదు, అంతా 'తమరు'. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను కదా, నీకు కోపం వచ్చిందంటే నేను తమరినైపోతాను. దానికంటే నాలుగు తిట్టినా హాయిగా ఉండేది.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. వంటింటి కుళాయి నేనే బాగుచేశాను. ఇంతకుముందు కారేది, ఇప్పుడు ధారగా కారుతోంది. ఈ ఉత్తరం మొదలుపెట్టాక రెండుసార్లు లేచి వెళ్ళి తిప్పి వచ్చాను. అత్తయ్య కింద బకెట్టు పెట్టి, "బాబూ, మీరు రాసుకోండి, దాని జోలికెళ్ళకండి" అంది. చిట్టికి ముందుపన్ను ఊడింది. ఊడిన పన్ను నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచింది. క్లాసులో పక్కన కూర్చునే పిల్లతో మాటలు మానేసిందట, కారణం అడిగితే "అది వేరే జట్టు" అంది. మీ అమ్మగారు మోకాళ్ళకి మందు రాసుకుంటున్నారు. నేను రాస్తానంటే దగ్గరికి రానివ్వరు, నువ్వే రావాలట.

ఇక ఆఫీసు సంగతి. నీకు తెలిసిందే, ఫుట్‌బాల్ సీజన్ మొదలవ్వకముందు లీగ్‌లో ఏ జట్టు ఎక్కడ నిలుస్తుందో మా పేపర్లో నేను పట్టిక వేస్తాను. సీజన్ అయ్యాక అదే పేజీలో, అంతే జాగాలో, ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో నేనే రాసుకోవాలి. జనం మొదటిది చదువుతారో లేదో గానీ రెండోది మాత్రం గుండ్రంగా కూర్చుని చదువుతారు. మనిషి బోర్లా పడడం చూడ్డానికి టిక్కెట్టు అక్కర్లేదు కదా.

ఈసారి పడ్డట్టు ఎప్పుడూ పడలేదు. ఛాంపియన్లు రేవు జట్టేనని, మిగతావాళ్ళు రెండో స్థానానికి కొట్టుకోవడమేనని రాశాను. వాళ్ళు అడుగు నుంచి రెండో స్థానంలో తేలారు, మధ్యలో ఇద్దరు కోచ్‌లని ఇంటికి పంపించారు. వాళ్ళ పొడుగాటి ఫార్వర్డు, ఆ జిరాఫీ ఉన్నాడే, ఈ ఏడాదంతా వాడి పేరే వింటారని రాశాను. విన్నారు, నిజమే. రిఫరీ మీదకి వెళ్ళి బయటికి గెంటించుకున్న ప్రతిసారీ విన్నారు. చిట్టి చొక్కాల రంగులు చూసి తన పట్టిక తను వేసుకుంది, నీలం రంగుకి మొదటి స్థానం ఇచ్చింది. నీలం జట్టే గెలిచింది. మా స్పోర్ట్స్ ఎడిటర్, అదే పెద్దాయన, "వచ్చే ఏడాది పాపని పంపించవయ్యా, జీతం చాక్లెట్లలో ఇస్తాం" అని ఆఫీసంతా వినపడేలా అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను.

కాస్త ఆగు, కుళాయి చూసొస్తాను.

వచ్చాను. ఇక మీ జట్టు. ఏం రాశానో నీకు నోటికొచ్చే ఉంటుంది, అయినా రాస్తాను. 'మిల్లు జట్టుది ముసలి మోకాళ్ళ సైన్యం. సగం సీజన్‌కి సగం మంది మంచాన పడతారు. ఆఖరి స్థానం ఖాయం, కింది లీగ్‌కి ఇప్పుడే టిక్కెట్టు కొనుక్కోవచ్చు.' మీరు రెండో స్థానంలో నిలిచారు. ఒక్క మోకాలూ మొరాయించలేదు.

దీనికి నాకు పడిన శిక్ష విన్నావో లేదో. ఏ జట్టు విషయంలో అందరికంటే ఎక్కువ పొరబడ్డామో, కొత్త సీజన్ సాధన మొదలయ్యే రోజున ఆ జట్టు మైదానానికి వెళ్ళి పొద్దున్నించి సాయంత్రం దాకా వాళ్ళు చెప్పిన పని చెయ్యాలి. మా డెస్కులో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు ఇది. పెద్దాయన ఒకసారి బస్సు కడిగాడు. నేను ఓ ఏడాది మైదానానికి సున్నం గీతలు గీశాను, ఆ గీతల వంకరకి గోల్‌కీపరు తన పెనాల్టీ బాక్సు ఎక్కడుందో వెతుక్కున్నాడు. ఈసారి మీ క్లబ్బు నుంచి కబురొచ్చింది, నన్ను ఫిజియో గదిలో, అంటే నీ గదిలోనే, వేస్తారట. "ఇంట్లో చేసేదే అక్కడా చెయ్యాలి, కొత్తగా నేర్చుకునేదేం లేదు" అన్నాడు పెద్దాయన. ఈ ఏర్పాటు నీదేనని నా అనుమానం. అనుమానమే, అంచనా కాదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. నువ్వు అసలు అడిగిన మాట దగ్గరికి మాత్రం రాలేకపోతున్నాను. కాలుకాలిన పిల్లిలా గదికీ వసారాకీ తిరుగుతున్నాను. చిట్టి రెండుసార్లు వచ్చి "ఏం పోయింది నాన్నా, నేను వెతకనా?" అని అడిగి వెళ్ళింది.

నేను రాసింది కత్తిరించి మీ వాళ్ళు డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి అంటించారని, అది రాసింది ఫిజియోగారి మొగుడని అందరికీ తెలుసని, సీజన్ పొడుగునా ఆ తలుపు తోసుకునే లోపలికి వెళ్ళావని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. రోజూ ఫోన్లో మాట్లాడావు, ఒక్కరోజూ చెప్పలేదు. కింద ఒకే ఒక ప్రశ్న రాశావు. 'ఆ మోకాళ్ళు ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలిసిన మనిషి ఈ లోకంలో తమరొక్కరే. తమరికి నా చేతుల మీద నమ్మకం లేకపోయిందా?'

ఈ వారం పేజీలో మీ జట్టు దగ్గర 'పొరబడ్డాను' అని ఒక్క ముక్క రాసి ఇచ్చాను. పెద్దాయన కాగితం వెనక్కి తోశాడు. "అన్నింటికీ కారణం రాశావు. దీనికేది?"

"తోచలేదండీ," అన్నాను.

"తోచకపోవడమేంటయ్యా, అందరికీ తోచేదే. ఫిజియోని లెక్కలోకి తీసుకోలేదని రాయి. ఇంటి మనిషి కాబట్టి కళ్ళకి ఆనలేదని రాయి. జనం కూడా నవ్వుకుంటారు."

రాసేసి ఉంటే సరిపోయేది. నీకూ అదే చెబితే నమ్మేదానివి, నాలుగు రోజులు తిట్టి ఊరుకునేదానివి. కానీ అది అబద్ధం.

నిన్ను నేను మర్చిపోలేదు. ఆ పట్టిక వేసేటప్పుడు నా బుర్రలో ఉన్నది నువ్వొక్కదానివే. నువ్వు రైలెక్కి అప్పటికి వారం కూడా కాలేదు. 'ఒక్క సీజనే కదా' అని నేనే పంపాను, స్టేషన్లో పెట్టెలు నేనే మోశాను, మొహం నవ్వుతూ పెట్టుకున్నాను. ఇంటికొచ్చి కూర్చుని పేర్లు రాస్తుంటే మిల్లు జట్టు దగ్గర చెయ్యి ఆగింది. ఆ జట్టు ఆఖర్న నిలిస్తే కింది లీగ్‌కి పడుతుంది, కింది లీగ్‌కి పడిన జట్టు ఫిజియోని పోషించలేదు, అప్పుడు నువ్వు ఇంటికొచ్చేస్తావు. నేను వేసింది అంచనా కాదు, మొక్కు. దాన్ని పేపర్లో అచ్చేయించుకున్నాను. నీ చేతుల మీద నమ్మకం లేక కాదు. ఆ మోకాళ్ళని నువ్వు నిలబెట్టేస్తావని భయం వేసింది.

ఇంకా ఉంది, మొత్తం చెప్పేస్తాను. నువ్వు వెళ్ళాక బీరువాలో నీ అర ఖాళీగా కనబడుతుంటే చూడలేక నా చొక్కాలు అక్కడ పేర్చుకున్నాను. మొదట్లో మీరు వరసగా ఓడిపోయారు గుర్తుందా, అప్పుడు ఆ చొక్కాలు తీసేసి అర తుడిచి కొత్త కాగితం పరిచాను. తర్వాత గెలవడం మొదలుపెట్టారు, చొక్కాలు మళ్ళీ పైకెక్కాయి. సీజన్ పొడుగునా ఆ చొక్కాలకి ఇదే ప్రయాణం. అత్తయ్య చూస్తూనే ఉంది. "ఈ ఇంట్లో స్థానం మారనిది నేనొక్కదాన్నే" అంది ఒకసారి. ఆవిడకి అన్నీ తెలుసనుకుంటాను.

ఆఖరి మ్యాచ్ ఇంట్లో చిట్టితో కలిసి చూశాను. మీ పెద్ద డిఫెండరు, అందరూ బాబాయ్ అంటారే, కింద పడి మోకాలు పట్టుకున్నాడు. నువ్వు సంచీ పట్టుకుని పరిగెత్తావు. టీవీలో నీ మొహం కనపడలేదు, చేతులొక్కటే కనపడ్డాయి. నాకు తెలిసిన చేతులు. చిట్టి పుట్టాక నా నడుం పట్టేస్తే, నిద్రలేని కళ్ళతోనే కూర్చుని సరిచేసిన చేతులు. నాకు తెలియకుండానే లేచి నిలబడి "లే బాబాయ్, లే!" అని అరుస్తున్నాను. ఆయన లేచాడు. చిట్టి నన్ను వింతగా చూసింది.

"నాన్నా, నువ్వు మన వైపేనా?" అంది.

నీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. చిట్టికి నా పట్టిక చదవడం వచ్చు. ఏడాదంతా అడగకుండా ఆగింది.

నువ్వు నొచ్చుకున్నందుకు నాకు చాలా సిగ్గుగా ఉంది. ఇది మర్యాదకి అంటున్న మాట కాదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. మూడేళ్ళకి సంతకం పెట్టమంటున్నారని, ఉండమంటారా వచ్చేయమంటారా, 'ఈసారి తమరి అంచనా ఏమిటి' అని అడిగావు. నీ విషయంలో అంచనా వేసే అర్హత నాకు పోయింది. కొత్త పట్టిక నిన్న వేశాను, మిల్లు జట్టు పేరు రాసి పక్కన స్థానం ఖాళీగా వదిలేశాను. "ఇదేంటి, కొత్త వేషం?" అన్నాడు పెద్దాయన. ఆ జట్టు గురించి రాయడానికి నేను తగనని చెప్పాను. ఆయన ఆ గడి అలాగే వదిలేశాడు.

అంచనా లేదు గానీ కోరిక ఉంది, దాన్ని ఈసారి కోరికలాగే చెబుతాను. సంతకం పెట్టు. మాకోసం ఆలోచించి ఆగకు.

మీ మైదానంలో కూలికి నేను ఒక్కరోజే రావాలి. ఆ సాయంత్రం నన్ను వెనక్కి పంపించెయ్యకుండా ఉంటావా అని అడుగుతున్నాను. పెద్దాయన్ని కదిపి చూశాను. "తప్పుడు అంచనాలు వెయ్యడానికి ఇక్కడే కూర్చోవాలని రూలేముంది, అక్కణ్ణుంచీ వెయ్యొచ్చు" అన్నాడు. మీ అమ్మగారిని అడగడానికి భయపడ్డాను. ఆవిడ అప్పటికే సంచీ సర్దుకుని ఉంది. "ఊళ్ళో వాళ్ళందరి మోకాళ్ళూ చూస్తోందట, కన్నతల్లి మోకాళ్ళు ఎప్పుడు చూస్తుందో అడుగుదాం పదండి" అంది. చిట్టి మాత్రం ఒక్కటే అడిగింది, ఊరు వదిలి వెళ్ళేటప్పుడు కూడా క్లాసులో ఆ పక్క పిల్లతో మాట్లాడకుండా ఉండాలా అని. రాజీ పడిపొమ్మన్నాను.

వద్దంటే వద్దని రాయి, ఒక్కరోజు పనిచేసి వెళ్ళిపోతాను. నీ గదికి ఫిజియో ఉంది, ఒక్కరోజుకి పనివాడూ వస్తాడు, మొగుడు కావాలో లేదో నువ్వు తేల్చుకోవాలి. జవాబు వచ్చేదాకా ఈ కాలు ఒకచోట నిలవదు.

కుళాయి సంగతి మర్చిపో, ప్లంబర్ని పిలిచాను. బీరువాలో నీ అరలోంచి నా చొక్కాలు మళ్ళీ తీసేశాను. ఈసారి నా అరలోంచి కూడా తీసేశాను. పెట్టెలో ఉన్నాయి.

ఇట్లు,
నీ వైపే ఉన్న
చిట్టి వాళ్ళ నాన్న