నీళ్ల డ్రమ్మును గుద్దిన కళ్లజోడు

రవాణా అధికారి గారి సముఖమునకు పధ్నాలుగో నంబరు రూటు సిటీ బస్సు డ్రైవరు సమర్పించుకొను అర్జీ.

విషయం: లేజర్ ఆపరేషన్ వలన చూపు బాగుపడినందుకు నన్ను స్టీరింగు నుంచి దించివేయుట గురించి.

అయ్యా,

తమరు పరీక్షించింది నా చూపును కాదు, నా ముక్కును. దానిమీద కళ్లజోడు లేదని డిపో వారు నన్ను బస్సు దింపారు. ఇరవై ఒక్క ఏళ్ల అనుభవమున్న డ్రైవరు పదకొండు రోజులుగా డిపోలో కూర్చుని, ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులకు చీటీలు అంటిస్తున్నాడు. దీనికి దారితీసిన సంగతులు ఈ దిగువన మనవి చేస్తున్నాను.

1. నాకు పదహారో ఏట నుంచి కళ్లజోడు. మైనస్ ఐదు. లైసెన్సు మీద "కళ్లజోడుతో మాత్రమే" అని ముద్ర వేశారు, అప్పటికది న్యాయమే. నాలుగు నెలల క్రితం లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాను. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ దిండు పక్కన జోడు కోసం తడుముకుంటుంటే, ఎదురుగా గోడ గడియారంలో సెకన్ల ముల్లు కనిపించింది. మా ఆవిడను చూసి, "నీకిన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయి?" అన్నాను. "నువ్వు సంఘం మీటింగులని తిరుగుతున్నప్పుడు," అన్నది.

2. దాచిపెట్టే అలవాటు లేదు గనుక ఆపరేషన్ తర్వాతి లోటుపాట్లు కూడా రాస్తున్నాను. కళ్లు పొడిబారుతుంటాయి, జేబులో చుక్కల మందు ఉంటుంది. మొదటి మూడు నెలలు దీపాల చుట్టూ వలయాలు కనిపించేవి. అవి పూర్తిగా పోయి, డాక్టరమ్మ సరేననేదాకా సెలవులోనే ఉన్నాను. దగ్గరి అక్షరాలకు చదివే అద్దాలు కావాలి. ఆ మాట డాక్టరమ్మ ముందే చెప్పింది: "దూరపు చూపు తెచ్చిస్తాను గానీ, మీ నలభై ఏడేళ్లను ముప్పై చెయ్యలేనండీ." అందరికీ నాలాగే కుదురుతుందని అనను. నాకు కుదిరింది. సర్టిఫికెట్ జతపరిచాను.

3. డిపో గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఒక రిజిస్టరు. ముద్ర ఉన్న డ్రైవరు ముక్కు మీద కళ్లజోడు చూసి టిక్కు పెడితేనే బస్సు కదలాలి. సెలవు ముగిసి వచ్చిన రోజు ఆయన నన్ను ఆపాడు.

"అన్నా, జోడేది?"

"అవసరం తీరిపోయింది తమ్ముడూ."

"నీకు తీరింది. రిజిస్టరుకు తీరలేదు. గేటు దాటేదాకా పెట్టుకో, తర్వాత నీ ఇష్టం."

నా తప్పు ఇక్కడే ఉంది. పెట్టుకున్నాను. బాగుపడ్డ కళ్లకు మైనస్ ఐదు తగిలిస్తే ఒక్క గేటు కాస్తా రెండు గేట్లలా కనిపించింది. రెండింటికీ మధ్యగా పోనిచ్చాను. అక్కడ నీళ్ల డ్రమ్ము ఉన్నది. బస్సులో కండక్టరమ్మ తప్ప ఎవరూ లేరు. ఆవిడ దిగి, పారుతున్న నీళ్లలో నిలబడి, "రోజూ చూసే డ్రమ్మే కదండీ గురువుగారూ, ఇవాళ దానిమీద అంత కోపమేంటి?" అన్నది.

అది నా మొదటి ప్రమాదం. దానిమీద డిపో రాసిన నివేదిక చూడండి: "డ్రైవరు నిబంధనల ప్రకారము కళ్లజోడు ధరించియున్నాడు. కావున అతని తప్పిదము లేదు." అయ్యా, ఇంత అన్యాయంగా నన్నెవరూ ఎన్నడూ నిర్దోషిగా తేల్చలేదు.

ఆ రోజు గేటు బయట జోడు తీసేసి రూటంతా నడిపాను. వాన. ఆరో స్టాపుకి రోజూ ఆలస్యంగా పరిగెత్తుకొచ్చే టీచరమ్మ సందు మొదట్లో ఉండగానే కనిపించింది. ఆగాను. "వాన పడితే మీ అద్దాలకు ఆవిరి పట్టి నన్ను వదిలేసి పోయేవారు కదండీ," అన్నది ఎక్కుతూ. ఆవిరి పట్టడానికి అద్దాలే లేవని చెప్పాను.

4. మర్నాడు జోడు పెట్టుకోనన్నాను. డిపో వారు దించేశారు. తమ కార్యాలయానికి వచ్చాను. గోడమీది అక్షరాల పట్టిక ఆఖరి వరుస దాకా ఒట్టి కళ్లతో చదివాను; దాని అడుగున అచ్చేసిన ప్రెస్సు వాళ్ల చిరునామా కూడా మొదలుపెడితే తమ గుమస్తా చాలన్నాడు. ఆయన ఫారంలో ఉన్నది ఒకటే గడి: "కళ్లజోడుతో చూపు."

"ఒట్టి కళ్లతో చదివాను కదా, అదే రాయండి."

"దానికి గడి లేదండీ. పాత జోడు పెట్టుకుని చదవండి."

"అది పెట్టుకుంటే మీరే కనపడరు."

"నాదేముందండీ, పట్టిక కనపడితే చాలు."

సంతకం దగ్గరి సన్నక్షరాల కోసం నేను జేబులోంచి చదివే అద్దాలు తీశాను. అప్పుడే తమరు గదిలోంచి వచ్చి, "ఇదిగో, జోడు ఉందిగా," అని ఫారం మీద ఎర్ర సిరాతో "అవసరము తొలగలేదు" అని రాసి భోజనానికి వెళ్లారు. తమరూ అది అద్దాలు పెట్టుకునే రాశారు. తర్వాత వాటిని తీసి జేబులో పెట్టుకుని కారు నడుపుకుంటూ పోయారు. కిటికీలోంచి చూశాను. స్పష్టంగా.

5. మా బావమరిదికి కళ్లజోళ్ల దుకాణంలో పని. "పవరు లేని అద్దాలు బిగించి ఇస్తాను బావా, ముక్కుమీద పడేసుకో, గొడవ వదిలిపోతుంది," అన్నాడు. నా గొడవ వదులుతుంది. కానీ ఆ ముద్ర ప్రయాణికుల క్షేమం కోసం వేసింది. రిజిస్టరులో టిక్కుల కోసం కాదు. ఆపరేషన్ చేయించుకున్నవారు మా డిపోలో ఇంకో ముగ్గురున్నారు. రోజూ గేటు దాటేదాకా పాత జోడు పెట్టుకుని, కళ్లుండీ కనపడక బస్సు తోలుతున్నారు. పేర్లు చెప్పను. డ్రమ్మును పక్కకు జరిపారు గనుక ఇంకా ఏమీ కాలేదు. రేపు అక్కడ ఒక మనిషి నిలబడితే, దొంగ జోడుతో నా సీటు నేను దక్కించుకున్నందుకు ఆ మనిషికి ఏమని చెప్పుకోవాలి?

కావున నా కోరికలు:

(అ) ఫారంలో "ఒట్టి కళ్లతో చూపు" అని ఇంకో గడి గీయించాలి. స్కేలు లేకపోతే నేను తెస్తాను.

(ఆ) ఆ గడి నింపి, నా లైసెన్సు మీది ముద్ర కొట్టివేయాలి.

(ఇ) మిగతా ముగ్గురినీ దండించకుండా, మళ్లీ పరీక్షించాలి.

(ఈ) నీళ్ల డ్రమ్ము విషయంలో నన్ను దోషిగా ప్రకటించాలి. తెలిసి తెలిసి పెట్టుకున్నాను.

(ఉ) సోమవారం పొద్దున పధ్నాలుగో నంబరు బస్సు నాకివ్వాలి.

ఆఖరి వరుస దాకా చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఈ మాట మా ఆవిడ రాయించింది)

తా.క.: ఈ అర్జీ చదివే అద్దాలు పెట్టుకునే రాశాను. అది చూసి మళ్లీ ఎర్ర సిరా తీయకండి.