ఖంగుమన్న ఇనుము

నాన్నకి మీ చిన్నదాని నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. కిందటి రెండు ఉత్తరాల్లో ఈ మాట అలవాటుగా రాశాను, ఈసారి నిజంగా రాస్తున్నాను. అక్కడ మీరూ అమ్మా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేయొచ్చుగా అంటుంది అమ్మ. మీకా వినపడదు, నేను చెప్పింది ఆవిడ చేతులు తిప్పుతూ మీకు చేరవేసేసరికి సగం సంగతి ఆవిడ సొంతమైపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఎర్రగా కాల్చిన ఉక్కును మీ ఫ్యాక్టరీలో, ఆ సుత్తి షాపులో నీళ్ళలో ముంచేవాళ్ళు కదా, మా కాలేజీలో ఏం చేస్తారని అడిగారు. ఉక్కు రకాన్ని బట్టి నీళ్ళయినా, నూనెయినా అంటారు మా సారు. కొన్ని రకాలు తొందరపడి చల్లారిస్తే పగులుతాయట. పరీక్షలో ఇదే వచ్చింది, బాగా రాశాను. చెవుల్లో పెట్టుకోమని మీరు పంపిన బిరడాలు రోజూ పెట్టుకున్నాను, ఒట్టు.

ఇక అసలు సంగతి. ఈ నెలంతా ఫౌండ్రీలో మాకు ఒకటే పని. పోతపోసిన ఇనుప చక్రాన్ని తీగకు వేలాడదీసి, చిన్న సుత్తితో కొట్టి వినాలి. మంచిదైతే ఖంగుమంటుంది. లోపల పగులుంటే డబ్బుమని ఊరుకుంటుంది. నాకేమో అన్నీ డబ్బుమన్నాయి. నేను పనికిరావని పక్కన పడేసిన గుట్ట చూసి ఫోర్‌మన్ లబోదిబోమన్నాడు. ఒకదాన్ని రంపం మిషన్ మీద రెండుగా కోయించాడు. లోపల వెంట్రుకంత చీలిక కూడా లేదు.

“పగులెక్కడ అమ్మాయ్? బంగారంలాంటి చక్రాన్ని పొట్టన పెట్టుకున్నావు కదా!” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ పైకి నవ్వాను.

నాన్నా, మీకు చెప్పనిది ఇదే. నా చెవులు మందగించి చాలా రోజులైంది. ‘సుత్తి షాపు నా చెవులు తినేసింది, నువ్వీ చదువు జోలికి పోకు’ అని మీరు మొత్తుకున్నా మొండికేసి చేరినదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాకూ మీలాగే అవుతోందని, చదువు మానేయాల్సిందేనని, దిండులో మొహం దాచుకుని ఏడ్చేదాన్ని.

నాకు సరిగా వినపడటం లేదని పసిగట్టి, ఫోర్‌మనే నన్ను చెవి డాక్టరు దగ్గరికి తరిమాడు. ఆవిడ గోరువెచ్చని నీళ్ళు కొట్టి, శనగగింజంత నల్లటి ముద్దలు రెండు బయటికి తీసింది. గుబిలి, నాన్నా! వట్టి గుబిలి!

“బిరడాలతో రోజూ లోపలికి కూరుకున్నావమ్మా. ఇకనుంచి చెవుల మీద కప్పుకునేవి వాడు,” అంది. వినికిడి పరీక్ష కూడా చేసి, చెవులు నిక్షేపంలా ఉన్నాయని తేల్చింది. మీ ప్రేమే నా చెవులకు అడ్డం పడిందన్నమాట!

తిన్నగా ఫౌండ్రీకి వెళ్ళి చక్రాన్ని కొట్టాను. ఖంగుమంది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడి విన్నాను. ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. చెవులు పోతున్నాయని మీకు తెలిసిన రోజుల్లో ఇంట్లో ఎవరికీ చెప్పలేదట, అమ్మ అంటుంది. ఆ భయాన్ని ఒక్కరే మోయడం ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుసు. సెలవులకు వస్తున్నాను. అప్పట్లో మీకెలా ఉండేదో నాతో చెప్పండి నాన్నా. వింటాను.

ఇట్లు,
మీ మొండి చిన్నది