మర ఆగినప్పుడు

మార్చి 3, సోమవారం

ఈ రోజు అత్తగారికీ నాకూ మళ్ళీ పేచీ. వంటింట్లోంచి ఆవిడ గొంతు పోయేలా పిలిచిందట, నేను పలకలేదట. మరలో ఉన్నంతసేపూ నావి పాముచెవులట, ఇంటి గడప దాటగానే చెవుల్లో దూది పెట్టుకుంటానట. కావాలనే చేస్తున్నానని కొడుకుతో ఫిర్యాదు.

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నాకూ అదే అంతుపట్టదు. నేను నడిపే పిండిమరలో మోటారు రొద పెడుతుంటే ఎవరేమన్నా నాకు శుభ్రంగా వినిపిస్తుంది. గోధుమలు మెత్తగా ఆడమన్నా, మొక్కజొన్న బరకగా కావాలన్నా రెండోసారి అడగను. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నానా, ఇక అందరూ ఉత్తినే పెదవులు కదుపుతున్నట్టు ఉంటుంది. నేను "ఆఁ?" అంటాను. వాళ్ళు మళ్ళీ చెబుతారు. నేను మళ్ళీ "ఆఁ?" అంటాను. మా అమ్మాయి నా "ఆఁ?"ని అచ్చు నాలాగే చేసి చూపిస్తుంది. దాని గొంతొక్కటే నాకు ఇంట్లో వినిపించేది. అందుకే దానికి మైకు అని పేరు పెట్టాం.

మా ఆయన లైబ్రేరియన్. జనాన్ని మెల్లగా మాట్లాడమని చెప్పడమే ఆయన ఉద్యోగం. ఏరికోరి అలాంటి మనిషిని చేసుకున్నాను. ముఖ్యమైన సంగతి ఏదైనా ఉంటే సాయంత్రం మరకు వస్తాడు. తొట్టి పక్కన నిలబడి మెడనరాలు ఉబ్బేలా అరుస్తాడు. గ్యాస్ అయిపోయిందనీ, మైకుకి లెక్కల్లో ఫస్ట్ వచ్చిందనీ, తనకి పొత్తికడుపులో నొప్పిగా ఉందనీ అన్నీ అక్కడే. పిండికోసం నిలబడ్డవాళ్ళందరికీ మా సంసారం కంఠతా వచ్చు.

మార్చి 4

అరిచి చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి. పెళ్ళైన కొత్తలో ఆయన దగ్గర అవి బోలెడు ఉండేవి. ఎప్పుడు మానేశాడో తెలియదు. అసలు మానేశాడా, నాకే వినపడటం లేదా, అదీ తెలియదు.

మార్చి 8, శనివారం

మైకు బాత్రూంలో ఇరుక్కుపోయింది. గడియ పట్టేసింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అది తలుపు బాదుతూ అరుస్తూనే ఉందట. నేను పక్కగదిలో కూర్చుని హాయిగా బట్టలు మడతపెట్టుకుంటున్నాను. తువ్వాలు పెట్టడానికి వెళ్ళి చెయ్యి వేస్తే తలుపు అదిరిపోతోంది. అప్పుడు తెలిసింది.

బయటికి వచ్చాక తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా మొహంలోకి చూసి, "నీకు నిజంగానే వినపడదు కదమ్మా" అంది.

సోమవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఇక వాయిదా లేదు.

మార్చి 10, సోమవారం

అత్తగారు కూడా ఆస్పత్రికి తయారైంది. నాకు తోడుగా కాదు, డాక్టరు ముందు నా నటన బయటపడుతుంటే కళ్ళారా చూద్దామని. మంచి చీర కూడా కట్టుకుంది.

డాక్టరమ్మ చిన్న ఇనుప ఫోర్కు ఒకటి మోగించి చెవి ముందు పెట్టింది. ఏమీ లేదు. చెవి వెనక ఎముక మీద ఆనించింది. గుయ్‌మని తలంతా మోగింది. ఆ తర్వాత అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టారు. చప్పుడు వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. నేను బటన్ పట్టుకుని బొమ్మలా కూర్చున్నాను.

టెస్టు అయ్యాక ఆవిడే గొంతు పెంచి అడిగింది, గోల ఉన్నచోట మీకు బాగా వినిపిస్తుందా అని. నేనింకా మర సంగతి ఎత్తనే లేదు. లేచి ఆవిణ్ణి వాటేసుకోవాలనిపించింది. చెవి లోపల మూడు బుల్లి ఎముకలుంటాయట. చివరిది గోధుమగింజలో సగం కూడా ఉండదు. అది కదలకుండా బిగుసుకుపోయిందట, రెండు చెవుల్లోనూ. రొద ఉన్నచోట జనమంతా గొంతు పెంచుతారు, ఆ రొద మాత్రం నా చెవికి పెద్దగా ఎక్కదు. అందుకే మరలో నేను రాణిని.

మందులతో పోయేది కాదట. చెవికి మిషన్ పెట్టుకోవచ్చు, లేదా ఆపరేషన్. బిగిసిన ఎముక తీసేసి దాని బదులు చిన్న పిస్టన్ పెడతారు. ఒకసారికి ఒక చెవికే. చాలామందికి బాగానే వస్తుందట. నూటికి ఒకరికి మాత్రం ఆ చెవి పూర్తిగా పోతుంది, ఇక మిషన్ పెట్టినా పలకదు. ఇది కూడా ఏ మొహమాటం లేకుండా చెప్పింది.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. లేదన్నాను.

తిరిగొచ్చి బస్సు దిగేటప్పుడు నా సంచి అత్తగారు పట్టుకుంది.

మార్చి 11

ఉంది. అమ్మకి ఉంది.

వీధి వీధంతా అమ్మని పొగరుబోతు అనేది. పిలిస్తే పలకదని, పలికినా నోట్లోనే గొణుక్కుంటుందని. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి తమ గొంతు తమకే గట్టిగా వినిపిస్తుందట, అందుకని మెల్లగా మాట్లాడతారని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ పోయేదాకా ఆ పేరు పోలేదు. ఈ రోజు మర తెరవలేదు. కూర్చుని కడుపారా ఏడ్చాను. పొగరు కాదే అమ్మా, ఎముక.

మార్చి 15, శనివారం

ఈ నాలుగు రోజులూ మిషన్ వైపే మొగ్గుతున్నాను. ఆపరేషన్ వికటించి ఉన్న కాస్త వినికిడీ పోతే మైకు గొంతు కూడా ఉండదు కదా అని భయం.

సాయంత్రం ఆయన మరకు వచ్చాడు. లైన్లో జనం బాగానే ఉన్నారు. తొట్టి మీదకి వంగి అరిచాడు: "భయంగా ఉంటే ఆపరేషన్ వద్దు! నేను జీవితాంతం అరుస్తాను! నాకేం కష్టం లేదు!"

లైన్లో ఉన్న టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. పిండి కళ్ళలో పడిందేమో కూడా.

ఆ అరుపుతోనే తేల్చుకున్నాను. ఈ మనిషి జీవితాంతం అరవడం నాకు అక్కర్లేదు. ఆపరేషనే.

ఏప్రిల్ 2, ఉదయం 6 గంటలు

ఎడమ చెవికి. గుండె దడదడలాడుతోంది. నా గుండె మాత్రం నాకు భేషుగ్గా వినిపిస్తుంది.

ఏప్రిల్ 2, సాయంత్రం

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకర్లు పోతున్నాయి. రాయకుండా ఉండలేను.

మత్తు చెవి వరకే ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. మొహం మీద గుడ్డ కప్పారు. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు గరగర, టకటక. కదలొద్దన్నారు కనుక ఊపిరి కూడా అడిగి పీల్చినట్టే పీల్చాను. ఎంతసేపు అలా ఉన్నానో.

ఉన్నట్టుండి ఒక గొంతు వినిపించింది. మెల్లగా, పక్కవాళ్ళతో అన్నట్టు. ఇది అయిపోగానే టీ తెప్పించమని డాక్టరమ్మ నర్సుకి చెబుతోంది.

"నాకూ ఒకటి చెప్పండి" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వులు విడివిడిగా వినిపించాయి, ఒక్కొక్కరిదీ. కన్నీళ్ళు కారి కుడి చెవిలోకి పోతున్నాయి. కదలొద్దని డాక్టరమ్మ కసిరింది. ఆ కసురు కూడా వినిపించింది. వెంటనే దూది కూరేసి మూసేశారు. టీ ఇవ్వలేదు.

ఏప్రిల్ 3

గది గిరగిరా తిరుగుతోంది. నాలుకకి ఒక పక్క ఇనుము నాకినట్టు ఉంది. కొన్నాళ్ళు అంతేనట. బరువులు ఎత్తకూడదు, ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. పిండిలో పుట్టి పెరిగినదాన్ని, నాకా తుమ్ము రూల్సు.

ఏప్రిల్ 6, ఆదివారం

తుమ్మాను, నోరు బార్లా తెరిచి. అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

నేను కోలుకునేదాకా ఆయన సెలవు పెట్టి మర నడుపుతున్నాడు. నిన్న గోధుమల తొట్టిలో మొక్కజొన్న పోశాడట. జనం తిట్టకుండా నవ్వుకుంటూ పోయారట. తల నుంచి కాలిదాకా తెల్లగా ఇంటికొచ్చి, బెల్టు తెగిందని వీధి చివరిదాకా వినిపించేలా చెప్పాడు. దూది పెట్టి ఉన్నా నాకు తెలిసింది.

ఏప్రిల్ 9, బుధవారం

దూది తీశారు.

రాయడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు డాక్టరమ్మ గాజులు వినిపించాయి. తర్వాత ఫ్యాను. ఫ్యానుకి చప్పుడు ఉంటుందని మర్చిపోయాను. వరండాలో నా చెప్పులు టపటపమంటుంటే వెనక్కి తిరిగి చూశాను, ఎవరు వస్తున్నారా అని. నేనే.

ఇంటికొచ్చి కుళాయి తిప్పాను, కట్టాను, మళ్ళీ తిప్పాను. పేపరు చించాను. మైకు హోంవర్కు రాస్తుంటే పెన్ను గీతల చప్పుడు విన్నాను. దాని వెనక నిలబడి చాలాసేపు విన్నాను. ఏంటమ్మా అంది. మెల్లగానే అంది. నేను దాన్ని ఎత్తుకోబోయి, బరువులు ఎత్తకూడదని గుర్తొచ్చి ఆగిపోయాను. అదే వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఇంత పొడుగు పిల్ల.

భోజనాల దగ్గర అత్తగారు కంచంలోకి చూసుకుంటూ, ఉప్పు వెయ్యడానికి కూడా చేతులు రావు ఈ ఇంట్లో అని సణుక్కుంది. రేపు సరిగ్గా వేస్తాలెండి అత్తయ్యా అన్నాను. ఆవిడ చేతిలో గరిటె జారి కింద పడింది. ఆ చప్పుడు నాకు సంగీతంలా ఉంది. ఆవిడ మొదట బిక్కమొహం వేసింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ పొలమారింది.

ఏప్రిల్ 12

అత్తగారు ఇప్పుడు సణుక్కోవడానికి బాల్కనీలోకి వెళ్తోంది. అక్కడా వినిపిస్తోంది. చెప్పలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

నా చెవి బాగైంది కానీ మా ఆయన గొంతు పాడైంది. మరలో ఉండి ఉండి అరవడం అలవాటైపోయింది. ఉప్పు అందుకో అన్నా యుద్ధం ప్రకటించినట్టే ఉంటుంది. నేను రెండు చేతులతో ఎడమ చెవి మూసుకుని మెల్లగా, మెల్లగా అంటాను. మొన్న సెలవు అయిపోయి లైబ్రరీకి వెళ్తే, పేపరు చదువుకునే పెద్దాయన నోటి మీద వేలు పెట్టి ఉష్ అన్నాడట. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి. ఆ సంగతి కూడా మా ఆయన నాకు అరిచే చెప్పాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

కానీ నేను ఎదురు చూస్తున్నది ఇది కాదు.

మే 12, సోమవారం

ఆయన సెలవు అయిపోయాక మూసి ఉంచిన మర మళ్ళీ తెరిచాను. చెవులకి రొద తగలకుండా పెద్ద మఫ్స్ పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. టైలరమ్మ నన్ను చూసి విమానం నడిపేదానిలా ఉన్నావంది.

సాయంత్రం ఆయన వచ్చాడు, అలవాటు ప్రకారం. జనం వెళ్ళిపోయారు, చివరి సంచి ఆడుతోంది. తొట్టి పక్కన నిలబడి, ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు. నేను స్విచ్ కట్టేశాను. మఫ్స్ తీశాను. బెల్టు నెమ్మదించి ఆగింది. గుడ్డ గొట్టంలోంచి పిండి సన్నగా రాలడం వినిపించింది.

చెప్పండి అన్నాను.

ఆయన నోరు మూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. చివరికి, కూరగాయలు ఏం తేవాలి అన్నాడు.

మే 13

పొద్దున కప్పులు కడుగుతున్నాను. ఆయన వెనకాల వాటిని తుడుస్తూ నిలబడ్డాడు. కుళాయి వదిలే ఉంది. లైబ్రరీ గొంతుతో ఒక మాట అన్నాడు. ఏమన్నాడో ఇక్కడ కూడా రాయను.

మొత్తం వినిపించింది, ప్రతి అక్షరం.

కుళాయి కట్టేశాను. వెనక్కి తిరక్కుండా,

"ఆఁ?" అన్నాను.