తోడు వచ్చినవారు

ఏవండీ,

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. మీ యూనిఫాం చొక్కా ఉతికి ఆరేశాను, ఇస్త్రీ మీరే చేసుకోండి.

చొక్కా నానబెట్టబోతే జేబులో మీ టీకా కార్డు దొరికింది. అద్దానికి ఆనించి పెట్టాను.

టీకా వేయించుకోమని ఏడాదిగా బతిమాలాను. "నా ఒళ్ళు, నా ఇష్టం, బలవంతపెట్టకు" అన్నారు. సరే, ఎవరి స్వేచ్ఛ వారిదని నోరు మూసుకున్నాను. తీరా చూస్తే కార్డులో "తోడు వచ్చినవారు" అన్న గడిలో "మా బస్సు కండక్టరమ్మ" అని మీ చేతిరాతే ఉంది. నేను చెబితే బలవంతం, ఆవిడ చెబితే మంచిమాటా?

వేయించుకున్నందుకు సంతోషమే. కానీ స్టీరింగ్ తిప్పీ తిప్పీ చెయ్యి పట్టేసిందని చెప్పి, రెండు రోజులు నా చేత కాపడం పెట్టించుకున్నారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

తాళంచెవి పక్కింటి అత్తయ్యగారికి ఇచ్చి వెళ్ళండి.

మరిచాను. మీతో కలిసి వెళ్దామని నా టీకా రెండుసార్లు వాయిదా వేసుకున్నాను. ఇవాళ కుట్టుపని అవగానే ఆసుపత్రికి వెళ్తాను. పేరు రాయించుకున్నప్పుడు ఇచ్చిన నా కార్డులో ఆ గడి ఖాళీగానే ఉంది. ఐదింటిదాకా నింపకుండా అక్కడే కూర్చుంటాను.